తొంభై శాతం దగ్గర ఆగిన లిఫ్టు

లిఫ్టుల కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఆవిడను వెనకాల అందరూ అగ్గిపుల్ల అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, పైగా కాస్త ఇష్టం కూడా. కానీ ఆ వారం ఆవిడకు మండిన తీరు వేరు.

లిఫ్టు తనకేం జరుగుతోందో ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. ప్రోగ్రాములో ఆ రాసే పని చేసే ముక్కను ఫంక్షన్ అంటారు, అది ఆవిడ చేతి పనే. ఇన్నాళ్ళూ దానికి ఒక్క వాక్యం ఇస్తే చాలు, అలాగే రాసేది. ఇక వాక్యం వెనక బరువు, అంతస్తు లాంటి విలువలు ఎన్నైనా ఇచ్చేలా మార్చమన్నాడు కొత్త మేనేజరు. వాక్యంలో శాతం గుర్తు (%) కనిపించిన చోటల్లా ఒక్కో విలువను తెచ్చి పెట్టాలి. మంచి మార్పే, ఆవిడా ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. అయితే విలువలేవీ రాకపోతే వాక్యాన్ని ముట్టుకోకూడదని, పాత లిఫ్టులన్నీ ఉత్త వాక్యమే పంపుతాయని మొత్తుకుంది. అందుకోసం రెండు లైన్లు రాసింది కూడా. పాత చెత్త ఎందుకని అతగాడు వాటిని పీకి పారేశాడు.

కొత్త ప్రోగ్రాము ఎక్కించిన రోజే ఒక ఆసుపత్రి లిఫ్టు "బరువు 90%" అని రాసుకోబోయింది. ఫంక్షన్ ఆ గుర్తు చూసి, లేని విలువ కోసం వెతికి, కుప్పకూలింది. దాంతో ప్రోగ్రాము మొత్తం పడిపోయి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల స్ట్రెచర్ మీద రోగి. ప్రాణం దక్కడం ఆ మనిషి అదృష్టం. నెపం మాత్రం ప్రోగ్రాము ఎక్కించిన మెకానిక్ నెత్తిన పడింది. ఆ మెకానిక్ ఆవిడ సొంత మరిది. ఉద్యోగం ఊడేలా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మేనేజరు గదిలో, అతని కళ్ళెదుటే, అదే వాక్యంతో ప్రోగ్రామును పడగొట్టి చూపించింది. అతను ఆ రెండు లైన్లు మళ్ళీ పెట్టేయమని, మెకానిక్ సంగతి తాను చూసుకుంటానని అన్నాడు. లిఫ్టులన్నీ సర్దుకునేసరికి సాయంత్రమైంది. ఆవిడ మరిది ఇంటికి వెళ్ళి చల్లని కబురు చెప్పింది.

కూతురికి జడ వేస్తున్న మరిది తలెత్తలేదు.

"తప్పు నాదేనని మధ్యాహ్నం సంతకం పెట్టేశాను వదినా. పెడితే ఉద్యోగం ఉంచుతామన్నారు."

"ఎవరన్నారు?"

"మీ మేనేజరే. నువ్వు కూడా ఒప్పుకున్నావని చెప్పాడు."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కుంది. ఈపాటికి ఆఫీసు మూసేసి ఉంటారని, రేపు మాట్లాడుకోవచ్చని మరిది వెనకనుంచి అంటూనే ఉన్నాడు. మేనేజరు ఇల్లెక్కడో ఆవిడకు తెలుసు.