ఎల్లారెడ్డిలో సాక్ష్యం చెప్పి వచ్చిన ఆదివారం

ఎల్లారెడ్డిలోని మా క్రైస్తవ సంఘంలో ఒక పద్ధతి ఉంది. దూరదేశం వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చినవారు ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. తప్పించుకున్న అపాయం ఎంత పెద్దదైతే దేవునికి అంత మహిమ, వినేవారికి అంత సంతోషం. కాలేజీవారి విద్యార్థి మార్పిడి కార్యక్రమంలో నేను పోలండ్‌లో ఒక సెమిస్టర్ చదివి వచ్చాను. చెప్పుకోదగ్గ అపాయం అక్కడ ఒక్కటీ జరగలేదు. ఆ లోటుతోనే కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బయలుదేరాను.

వాయిదా వేద్దామంటే వీల్లేదు. ఎల్లారెడ్డిలో ఉండే మా పెద్దబాపు కూతురు సునీత ఈసారి అదే కార్యక్రమానికి ఎంపికైంది. సోమవారంలోగా అనుమతి కాగితం మీద తండ్రి సంతకం కావాలి. నా సాక్ష్యం విన్నాకే ఆ మాట ఎత్తమని పెద్దబాపు తేల్చేశాడు. ఆయన సంఘపెద్ద. సాక్ష్యాలు వినడంలో ఆరితేరినవాడు.

ఏడింటికి బస్టాండు ముందు ఇడ్లీ తిన్నాను. చట్నీలో పల్లీలు విశ్వాసనేత్రాలకు మాత్రమే కనిపిస్తాయి. ఏడున్నరకు పల్లెవెలుగు బస్సు వచ్చింది. ఆడవారికి టికెట్ ఖర్చు లేదు, ఆధార్ చూపితే చాలు. తొందరలో నేను పోలండ్ యూనివర్సిటీ కార్డు తీసి ఇచ్చాను. కండక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఆడ నడుస్తదమ్మా. గీడ ఆధార్ తియ్యి."

నా అంతర్జాతీయ హోదా అక్కడితో ముగిసింది.

పక్క సీట్లో బీడీలు చుట్టే ఒక అవ్వ కూర్చుంది. తాడ్వాయి వచ్చేదాకా ఆ దేశపు చలి గురించి, తిండి గురించి, పెళ్లిళ్ల గురించి వివరంగా అడిగింది. చివరికి అసలు ప్రశ్నకు వచ్చింది.

"ఆడోళ్లు బీడీలు తాగుతరా?"

"లేదవ్వా, సిగరెట్లే."

"అయితె మనకేం ఫాయిదా లేదు," అని కిటికీ వైపు తిరిగింది. మా కార్యక్రమం మీద ఇంత సూటి సమీక్ష మరెవరూ చేయలేదు.

లింగంపేట దాటాక బస్సు కుదుపుల మధ్యే సాక్ష్యం తయారు చేసుకోవాలని చూశాను. పోలండ్‌లో మాకు వ్యక్తిత్వ వికాసం తరగతి ఉండేది. ఎవరికి వారు తమను చెట్టుగా ఊహించుకుని బొమ్మ వేయాలన్నారు. నేను చింతచెట్టు వేస్తే, నాలో ఎదుగుదల స్పష్టంగా కనిపిస్తోందని సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని సంఘంలో చెబితే మహిమ దేవునికి పోతుందో చింతచెట్టుకు పోతుందో తెలియక వదిలేశాను.

తొమ్మిదింటికి దిగాను. సునీత బస్టాండుకే వచ్చి, నా బ్యాగు అందుకుని, దారిపొడవునా బతిమాలింది.

"పోయిన నెల దుబాయ్ నుంచి వచ్చినన్న గంటసేపు చెప్పిండక్కా. ఇసుక తుఫాను, పాము, మళ్ల లారీ. నువ్వు గూడ ఏదన్న ఒకటి చెప్పు. చిన్నదే, బాపు భయపడకుండ."

అంటే సంఘం సంతోషించాలి, తండ్రి జడవకూడదు. అంత సరిగ్గా అపాయాన్ని తూచి ఇవ్వడం ప్రవక్తల వల్ల కూడా కాదు.

పాటలయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను పిలిచారు. అక్కడ మంచు పడుతుందని చెప్పగానే సంఘం "స్తోత్రం" అంది. స్తోత్రానికి తగిన సంగతి ఇంకా రాలేదు. ముందు వరసలో పెద్దబాపు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. లేని పామును తెద్దామని నోరు తెరిచాను. దేవుని మందిరంలో అది రాలేదు.

"పోయిన కొత్తల నాకు ప్రార్థన రాలె," అన్నాను. "గదిల ఒక్కదాన్నే ఉన్న. ఆమెన్ అనేటోళ్లు లేరు. ఇన్నేండ్లు నేను మాట్లాడింది మీతోని, దేవునితోని కాదని గప్పుడు తెలిసింది."

జ్వరం వచ్చిన ఒక సాయంత్రం, పెదవి కదపకుండా మొదటిసారి నిజంగా ప్రార్థించానని, ఆయన విన్నాడని కూడా చెప్పాను. అప్పటికే ఎవరూ వినడం లేదు. స్తోత్రం ఒక్కటీ రాలేదు. అయ్యగారు వెంటనే కళ్లు మూసుకుని, ఈ సహోదరి మళ్లీ విశ్వాసంలో స్థిరపడాలని సుదీర్ఘంగా ప్రార్థించారు. విమానం ఎక్కే ముందు కూడా నాకోసం అంతసేపు చేయలేదు. సునీత నా ముఖం చూడలేదు.

మధ్యాహ్నం పెద్దబాపు ఇంట్లో జొన్నరొట్టె, కోడికూర. కూర బాగుంది. సునీత వడ్డిస్తూ కళ్లు తుడుచుకుంటుంటే, కారం ఎక్కువైందని పెద్దమ్మ సర్దిచెప్పింది. పెద్దబాపు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"దుబాయ్ పోరడు చెప్పినప్పుడు నేను గూడ స్తోత్రం అన్న. ఒక్క ముక్క నమ్మలె," అన్నాడు. "నువ్వు అందరి ముంగట నీ ఇజ్జత్ నువ్వే తీసుకున్నవ్ బిడ్డా. అబద్ధమైతె గింతకంటె మంచిది చెప్పేటిదానివి." తర్వాత కూతురి వైపు తిరిగాడు. "కాయితం తే. వచ్చినంక నువ్వు గూడ నిలబడాలె మరి."

సునీత ఆలోచించకుండా ఒప్పుకుంది. పామును వెతుక్కోవడానికి ఆమెకు ఐదు నెలల వ్యవధి ఉంది.

నాలుగు గంటల బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాను. ఈ దారిన సాక్ష్యం చెప్పడానికి వెళ్లేవారు అదే రోజు తిరిగి రావడం మంచిది. ఆగితే, పడిపోయిన ఆత్మను లేవనెత్తడానికి సంఘంవారు సాయంత్రం ఇంటికి వస్తారు, వచ్చినవారికి చాయ్ పెట్టాలి. విదేశం వెళ్లి నేను ఎదిగింది ఎంత అంటే, మా సంఘం లెక్కలో ఒక మెట్టు దిగాను. ఆ మెట్టు మీద కూర్చుంటే దేవుడు దగ్గరగానే ఉన్నాడు.

బస్సు కదిలాక కళ్లు మూసుకుని సునీత కోసం ప్రార్థించాను. ఈసారి పక్క సీట్లో ఖాళీ గంప ఒళ్లో పెట్టుకున్న ఇంకో అవ్వ, నిద్రొస్తోందా అని అడిగింది. ప్రార్థన చేస్తున్నానన్నాను.

"నోరు మెదుపుతలెవ్వు. దేవునికి ఇనవడుతదా?"

"ఇనవడుతదవ్వా."

ఆమె గంప సర్దుకుని నా వైపు తిరిగింది.

"అయితె మా మనుమనికి రేపు ఇంటర్వ్యూ ఉంది. వాని పేరు గూడ కలుపు," అని, బస్సంతా వినేలా ఆ పేరు రెండుసార్లు చెప్పింది.