కంచె బయటి రాయి

మా అత్తగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను పాప లంచ్ బాక్స్‌లో పెరుగన్నం సర్దుతున్నాను. మా ఆయన మెట్లు దిగి వచ్చి, ఫోన్ నా చేతికి ఇవ్వబోయి, మళ్ళీ తన జేబులోనే పెట్టుకుని, "అమ్మ" అని ఆగిపోయారు. కాకినాడలో మా ఆడపడుచు ఇంట్లో మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారట, ఇంక లేవలేదట. నేను బాక్స్ మూత పెట్టాను. స్కూల్ బస్ ఎవరి కోసమూ ఆగదు.

ఆయన ఆ సాయంత్రమే అట్లాంటా నుంచి బయల్దేరారు. నేను వెళ్ళలేదు. నా వీసా స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్లు దొరకడం లేదు. వెళ్తే తిరిగి రావడం నా చేతిలో ఉండదు. ఇద్దరం అక్కడ ఇరుక్కుపోతే పాప చదువు, నా ఉద్యోగం, ఈ ఇల్లు ఏం కావాలి? ఇదంతా మీలో చాలామందికి తెలిసిన గోలే, కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ రోజు నాకు ఏడుపు కూడా రాలేదు. ఎక్కడైనా కాసేపు కూర్చుంటే బాగుండుననిపించింది, అంతే. చివరిచూపు దక్కలేదు కనుక, ఆవిడ నాకు ఎలా గుర్తున్నారో నాలుగు ముక్కలు రాసుకుంటున్నాను.

ఆవిడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. దస్తావేజులకు నకళ్ళు రాయడం, వచ్చినవాళ్ళ చేత వేలిముద్రలు వేయించడం ఆవిడ పని. చదువురాని ఆడవాళ్ళు వణుకుతూ వేలు చాస్తే, "వదులుగా పెట్టమ్మా. గట్టిగా నొక్కితే అలుక్కుపోతుంది. నొక్కడానికి నేను ఉన్నాను కదా," అనేవారట. మొదటిసారి అట్లాంటాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్ మెషీన్ మీద కూడా అలాగే వదులుగా పెట్టారు. ఆఫీసర్ ప్రెస్ హార్డ్, ప్రెస్ హార్డ్ అని విసుక్కున్నాడట. "పాపం, వాడికి ముద్ర తీయడం ఎవరూ నేర్పలేదు," అన్నారు కారెక్కగానే.

ఇంకో మాట ఆవిడ నోట్లో ఎప్పుడూ ఉండేది. "ఓపిక లేదమ్మా." పొద్దున్న లేస్తూ అదే, చీర మీద స్వెటర్ వేసుకుంటూ అదే, స్నీకర్స్ లేసులు ముడేసుకుంటూ అదే. ఓపిక లేదు, లేదు అంటూనే మా సబ్‌డివిజన్‌లో ఇళ్ళ వెనకాల నడకదారి, ట్రెయిల్ మొత్తం తిరిగి వచ్చేవారు. ఆవిడ వెనకాల నడవడానికి మాత్రం నాకు నిజంగానే ఓపిక ఉండేది కాదు.

మా ఇళ్ళున్న చోటు ఒకప్పుడు ఎవరిదో పొలం. ట్రెయిల్ చివర వాననీళ్ళ చెరువు దాటాక కొన్ని పైన్ చెట్లు, వాటి కింద నడుమెత్తు ఇనుప కంచె, కంచెలో కాసిని రాళ్ళు ఉన్నాయి. ఒకటి రెండింటి మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి, మిగతావి పొలంలోంచి తెచ్చి నిలబెట్టినవి. పక్క నుంచే రోజూ నడుస్తున్నా నేనెప్పుడూ ఆగి చూడలేదు. ఆవిడ మొదటి వారంలోనే ఆగారు.

"ఇవెవరివి అమ్మాయీ?"

"ఎవరో పాత రైతు ఫ్యామిలీవట అత్తయ్యా. బిల్డర్ కంచె వేసి వదిలేశాడు."

"మరి అదో?" అని కంచెకి అవతల, చెరువు వైపు ఒంటరిగా ఉన్న రాయిని చూపించారు.

"అది ఉత్త రాయి."

"ఉత్త రాయి ఎక్కడైనా నిలబడి ఉంటుందా? ఎవరో నిలబెట్టారు దాన్ని. మిగతావాటిలాగే తూర్పుకి చూస్తోంది," అన్నారు.

సరిగ్గా ఆ రాయి ఉన్నచోటే పికిల్‌బాల్ ఆడుకునే కోర్టు కట్టాలని అప్పటికే మా హెచ్.ఓ.ఏ., అంటే ఇళ్ళవాళ్ళ సంఘం వాళ్ళు తీర్మానం చేశారు. కోర్టు కావాలని ఓటేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. బోర్డ్ ప్రెసిడెంట్ తెనాలి ఆయన. ఓ సాయంత్రం ట్రెయిల్ మీద కనబడితే అత్తగారు ఆపేశారు. ఆయన మర్యాదగానే చెప్పాడు.

"ఆంటీ, బిల్డర్ ఇచ్చిన ప్లాట్ మ్యాప్‌లో కంచె లోపలున్నవే గ్రేవ్స్ అండి. బయట ఏమీ మార్క్ చేసి లేదు. ఊరికే రాయి అనేసి ప్రాజెక్ట్ ఆపలేం కదా. ప్రూఫ్ ఏదైనా ఉంటే తీసుకురండి, బోర్డ్‌లో పెడదాం."

"తెస్తాను బాబూ," అన్నారు ఆవిడ. అప్పట్నుంచి నా శుక్రవారాలు పోయాయి.

శుక్రవారం నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. పొద్దున్నే ఆవిడని రికార్డుల ఆఫీసులోనో, లైబ్రరీలో చరిత్ర గదిలోనో దింపి, నేను పార్కింగ్‌లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మీటింగ్‌లు చూసుకునేదాన్ని. మధ్యాహ్నం ఆవిడ వచ్చి సీటు వెనక్కి వాల్చుకుని జిప్‌లాక్ కవర్లో జంతికలు కరకరలాడిస్తూ ఆ రోజు కథ చెప్పేవారు. నేను మ్యూట్‌లో ఉండి వినేదాన్ని. పాత గొలుసుకట్టు రాత నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆవిడ జన్మంతా గుమస్తాల రాతలు చదివిన మనిషి. ఆ మలుపులు నాలుగు రోజుల్లో పట్టేశారు.

"అమ్మినవాడిని, కొన్నవాడిని ఎవరైనా చూస్తారు. సాక్షిని చూడు. పొలం అమ్మేటప్పుడు పక్కన నిలబడేవాడు అయితే బావమరిది, కాకపోతే గట్టు పక్క రైతు. సాక్షి లేని కాగితం చెల్లదు. సాక్షిని పట్టుకుంటే ఇల్లంతా దొరుకుతుంది," అనేవారు. అలా హద్దులు చూసుకుంటూ, సాక్షులను చూసుకుంటూ మా ఇళ్ళ కిందున్న పొలం జేకబ్ అనే రైతుదని తేల్చారు. ఇంకా వెనక్కి వెళ్తే అది లాటరీ వేసి జనానికి పంచిన భూమి అని తేలింది.

"అంతకు ముందు ఎవరిది?" అని అడిగారు.

"చెరోకీ అనే ఇక్కడి ఆదివాసులదట అత్తయ్యా. వాళ్ళని వెళ్ళగొట్టి పంచారు."

ఆవిడ జంతిక నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశారు. "అయితే లింకు డాక్యుమెంట్ లేకుండా మొదలైన ఊరన్నమాట," అన్నారు.

పెద్ద పొరపాటు జరిగింది ఆ తర్వాతే. పొలం కాగితాల్లో మొదట్లో ఒక జేకబ్ ఉన్నాడు. చాలా ఏళ్ళకి మళ్ళీ ఇంకో జేకబ్ వచ్చాడు. సంతకాలు వేరు, మనుషులు వేరు. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. తండ్రి పేరు కొడుక్కి పెట్టి, ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరిని పిలవడం మనం ఎరగం. అందుకని వీళ్ళు తాతా మనవళ్ళే అనుకున్నారు ఆవిడ. ఆ మాటకొస్తే నాకూ ఇంకో ఆలోచన రాలేదు. మరి మధ్యలో ఉండాల్సిన కొడుకేడీ? పన్ను కట్టినవాళ్ళలో లేడు, పెద్ద జేకబ్ వీలునామాలో లేడు, అందులో పొలం జేకబ్‌కి అని ఉంది తప్ప వరస రాయలేదు. తండ్రి బతికుండగానే పోయి ఉంటాడు, అందుకే విడిగా పాతిపెట్టారు, ఆ రాయి వాడిదే అని తేల్చుకున్నారు. ఆ పోయిన కొడుకు మీద ఆవిడకి ఎంత జాలి కలిగిందంటే, మా ఇంట్లో వాడి మాట రాని భోజనం లేదు.

బోర్డ్ మీటింగ్‌లో ఆవిడ తెలుగులో చెప్తూ ఉంటే నేను ఇంగ్లీష్‌లో చెప్పాను. అందరూ ఓపిగ్గా విన్నారు. చివర్లో బోర్డ్‌లో ఉన్న ఓ పెద్ద వయసు అమెరికనాయన చెయ్యెత్తాడు. ఆయన పేరు చివర 'ది థర్డ్' అని ఉంటుంది. "మా నాన్న పేరూ ఇదే, మా తాత పేరూ ఇదే. నాకు తెలిసి మీ ఇద్దరు జేకబ్‌లూ తండ్రీ కొడుకులు," అన్నాడు మెల్లిగా. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే నయమనిపించింది. కోర్టు పని ఇంక మొదలుపెడదామని అనుకుని లేచారు.

తిరిగి నడిచి వస్తుంటే ఆవిడ మొహం చూడలేకపోయాను. మా మెయిల్ బాక్స్ దగ్గరికి వచ్చాక అన్నారు. "లేని కొడుకు కోసం ఇన్నాళ్ళు వెతికాను. మన ఇంటి కళ్ళతో వాళ్ళ ఇల్లు చూశాను."

"పోనివ్వండి అత్తయ్యా. ఇంక వదిలేద్దాం," అన్నాను. నిజంగానే వదిలేద్దామనే అన్నాను. నాకు అలుపొచ్చింది.

"కొడుకు లేడు సరే. రాయి ఉంది కదమ్మా," అన్నారు. ఆ నెలే వీసా గడువు అయిపోయి ఇండియా వెళ్ళిపోయారు.

కోర్టుకి డ్రైనేజ్ పర్మిట్ ఏదో అడ్డుపడింది. అది తేలేలోపు మరుసటి ఏడు ఆవిడ మళ్ళీ వచ్చారు, మోకాళ్ళు ఇంకా పాడై. ఈసారి మగవాళ్ళని వదిలేశారు. పాత జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. భార్యలు, పిల్లలు అందరూ వయసుల వారీగా గళ్ళలో అంకెలు. పెద్ద జేకబ్ ఇంట్లో అతనికంటే బాగా చిన్న వయసు ఆడమనిషి ఒకామె అంకెగా ఉంది. అతని వీలునామాలో "నా భార్యకు" అని ఉంది తప్ప పేరు లేదు. అతను పోయాక న్యాయస్థానం వారు ఆ భార్యకి ఏడాది జీవనభృతి ఇప్పించారు. మొక్కజొన్నలు, ఒక ఆవు, ఒక పరుపు, నూలు వడికే రాట్నం. అవి ముట్టినట్టు కాగితం మీద ఆమె ఇంటూ గుర్తు పెట్టింది. ఆ గుర్తు చుట్టూ గుమస్తా రాసిన పేరు నాన్సీ.

ఆ రోజు ఆవిడ నన్ను పార్కింగ్‌లోంచి లోపలికి పిలిపించారు. కంప్యూటర్ తెర మీద ఆ గీతలు చూపించారు. ఒక గీత సాగిపోయి కింది వరుసలోకి దిగింది. "చూడు, ఎంత గట్టిగా పట్టుకుందో కలం. వదులుగా పట్టుకోమని చెప్పేవాళ్ళు లేకపోయారు," అన్నారు. కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడుచుకున్నారు. ఆవిడ ఏడవడం నేను అదొక్కసారే చూశాను.

చాలా ఏళ్ళ తర్వాతి జనాభా లెక్కల్లో అందరి పేర్లూ, వరసలూ ఉన్నాయి. చిన్న జేకబ్ ఇంట్లో, పిల్లలందరి తర్వాత, చిట్టచివర నాన్సీ ఉంది. పక్కన సవతి తల్లి అని రాశారు. ఆ ఇంట్లోనే పోయిందా, ఇంకెక్కడికైనా వెళ్ళిపోయిందా అన్నది తేలలేదు. చిన్న జేకబ్ పోయాక రాసిన ఆస్తి, అప్పుల ఫైల్ నకలు కావాలని అర్జీ పెట్టాం. అది వచ్చేలోపు ఆవిడ వెళ్ళాల్సిన రోజు వచ్చేసింది.

నకలు పోస్ట్‌లో వచ్చిన రోజు వీడియో కాల్‌లో చదివి వినిపించాను. ఊళ్ళో వడ్రంగి చిన్న జేకబ్ నుంచి తనకి రావలసిన బాకీల్లో నాన్సీకి చేసిన శవపేటిక కూడా రాసుకున్నాడు. అంటే ఆ ఇంట్లోనే పోయింది. ఆవిడ ఆ వరుస మళ్ళీ చదవమన్నారు.

"కంచె లోపల ముందు పోయిన మొదటి భార్య పక్కన మొగుడిని పెట్టుకున్నారు. ఈమెకి చోటు మిగల్లేదు," అన్నారు చివరికి. "నాకింక అక్కడికి వచ్చే ఓపిక లేదమ్మా. ఆవిణ్ణి నువ్వు లోపలికి తీసుకురా."

ఓపిక లేదని ఆవిడ అంటే నమ్మాల్సిన అవసరం అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు నమ్మాను.

బోర్డ్ మీటింగ్ ఆవిడ పోయిన వారంలోనే పడింది. కాకినాడలో మా ఆయన కర్మలు చేస్తున్నారు, నేను ఇక్కడ క్లబ్‌హౌస్‌లో ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని నిలబడ్డాను. ఆ రాయి కింద ఉన్నది నాన్సీయేనని ఏ కాగితమూ చెప్పదు, ఆ సంగతి ముందే చెప్పేశాను. ఆమె ఇక్కడ పోయింది, లోపలి రాళ్ళలో ఆమె పేరున్నది లేదు, బయట ఒక రాయి ఉంది, నాకు తెలిసింది ఇంతే అన్నాను. ది థర్డ్ గారు అందరికంటే ముందు చెయ్యెత్తారు. తెనాలి ఆయన కాగితాలు తిరగేసి, "కోర్ట్ అటు పక్కకి జరిపి, కంచె ఆ రాయి దాకా జరుపుదాం లెండి. ఆంటీ మళ్ళీ ఎప్పుడొస్తున్నారు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ఫోల్డర్ మూసి రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు.

కంచె జరిపేవాళ్ళు వచ్చినప్పుడు నేను ఆఫీస్ కాల్ మధ్యలో వదిలేసి వెళ్ళాను. అప్పటికే పాత కంచె ఓ పక్క విప్పేసి, రాయి చుట్టూ కొత్త స్తంభాలు పాతి, మొదట్లో కాంక్రీటు పోశారు. ఇంకా తడిగా ఉంది. పనివాళ్ళు ట్రక్ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగుతున్నారు. రాయి లోపల ఉంది. దాన్ని చూడగానే ఇన్ని రోజులుగా రాని ఏడుపు వచ్చేసింది. అత్తయ్య లేరు. వచ్చే వేసవికి ఆ స్నీకర్స్ మా గుమ్మంలో ఉండవు. ఈ మాట నేను ఎవరికి ఫోన్ చేసి చెప్పాలి?

సాక్షి లేని కాగితం చెల్లదని కదా ఆవిడ అనేవారు. చతికిలబడి కూర్చుని, నాన్సీ రాయికి దగ్గరగా ఉన్న స్తంభం మొదట్లో, ఆ తడి కాంక్రీటులో బొటనవేలు పెట్టాను. తీసి చూస్తే గీతలు పడలేదు. గట్టిగా నొక్కినట్టున్నాను, అలుక్కుపోయింది.