చెరకు దొరకు నేను తెలుగు నేర్పలేదు

మా చుట్టాల్లో ఎవరింట పెళ్ళయినా ఎవరో ఒకరు నన్ను చూపించి, "ఈవిడ రెండు నెలల్లో పరాయి దేశపు దొరకి మన తెలుగు నేర్పేసిందర్రా" అని మొదలుపెడతారు. నేను నేర్పలేదు. ఈ ముక్క ఇన్నేళ్ళుగా మొత్తుకుంటూంటే "అబ్బే, వినయం" అంటారు. నన్ను ఎరిగినవాళ్ళెవరూ నాలో వినయం వెతకరు. అందుకని జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను. ఆ రోజుల్లో మన సర్కారుకి ఓ వింత సరదా ఉండేది. మనమేమో రేషను షాపు ముందు అమెరికా గోధుమల కోసం సంచులు పట్టుకు నిలబడేవాళ్ళం. ఢిల్లీలో వాళ్ళేమో బయటి దేశాల ఉద్యోగులకి స్కాలర్‌షిప్పులిచ్చి, తిండీ బసా చూసి, రెండు మూడు నెలల కోర్సులు చెప్పించి పంపేవాళ్ళు. (ఇంట్లో నూకలు లేకపోయినా చుట్టానికి పులిహోర కలపడం మనకేం కొత్త?) అలాంటి కోర్సొకటి ఎక్కడ దారి తప్పిందో, గజపతినగరం దగ్గర మా వ్యవసాయ శిక్షణ కేంద్రానికి వచ్చిపడింది.

మా ఆఫీసరుగారికి ఇంగ్లీషు ఫైళ్ళలో వచ్చేది, నోటికి వచ్చేది కాదు. అందుకని అతిథి మాట రైతుకీ, రైతు మాట అతిథికీ చెప్పడానికి బి.ఎ. పాసైన నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. పని బాగుంటే ఖాయం చేస్తామన్నారు. నాకది ఉద్యోగం కాదు, పరువు. నన్ను చదివించిన మావయ్యకి నరసన్నపేటలో బియ్యం కొట్టుంది. "ఇంగిలీసు సదివి ఏటి సేస్తావే? ఎలకల్ని తోల్తావా?" అన్నాడొక రోజు. "చూస్తూ ఉండు" అని వీధి తలుపు ధడేల్మని వేసి వచ్చేశాను. ఉద్యోగం పోతే మళ్ళీ వెళ్ళి ఆ తలుపే తట్టాలి.

విజయనగరం స్టేషనుకి దండ పట్టుకుని వెళ్ళాం. మారిషస్ అనే చెరకు దీవి నుంచి వ్యవసాయాధికారి వస్తున్నాడంటే, మా ఆఫీసరుగారు తెల్లటి మొహం కోసం రైలు ఈ చివర్నుంచి ఆ చివరికి వెతికారు. అచ్చం మా మావయ్య రంగులో, మావయ్య పొడుగులో, టోపీ పెట్టుకున్న ఒకాయన మా వెనకాలే నడిచి నడిచి, చివరికి తనే ముందుకొచ్చి మెడ వంచాడు. నేను బట్టీపట్టిన ఇంగ్లీషు ఉపన్యాసం అప్పజెప్పాను. ఆయన చక్కగా ఇంగ్లీషులోనే థాంక్స్ చెప్పాడు. ఇక్కడివరకూ ప్రపంచం సవ్యంగానే ఉంది.

జీపులో ఆఫీసరుగారు ముందు, మేమిద్దరం వెనక. ఆ జీపు మోతకి పక్కవాడు అరిచినా వినపడదు. దాహంగా ఉందా అని ఇంగ్లీషులో అడిగాను. ఆయన నా వైపు వంగి, "మజ్జిగేటైనా దొరుకుతాదా అమ్మా?" అన్నాడు.

నేను డ్రైవరు వైపు చూశాను. డ్రైవరు రోడ్డు చూస్తున్నాడు. మళ్ళీ ఈయన వైపు చూశాను. "మా మామ్మ నన్ను పెంచినాది. ఇంట్లో ఇదే మాట" అన్నాడు నవ్వుతూ. వాళ్ళ ముత్తాత ఈ పక్కవాడేనట, చెరకు నరకడానికి ఓడెక్కాడట. నా గుండె రెండుసార్లు ఆగింది. ముందు ఆశ్చర్యంతో. ఆ తర్వాత లెక్క అర్థమై: ఈయనకి తెలుగొస్తే నాకు జీతమెందుకు?

"అయ్యా, తమరు తెలుగు మాట్లాడకండి. నా ఉద్యోగం పోతుంది" అన్నాను.

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "సరే, మాటాడన్లే. ఏడకమ్మా" అన్నాడు. (నేను ఏడవలేదు. జీపులో దుమ్ము.)

చెరకు దొర (ఊళ్ళో ఆయనకి పడిన పేరు) మాట నిలబెట్టుకున్నాడు. అది ఎంత కష్టమో మీకు తెలియదు. రామతీర్థం దారిలో చెరకు తోటలకి తీసుకెళితే అక్కడి రైతులు ఆయన మొహం మీదే, "దొరంటే ఏటో అనుకున్నాన్రా, ఈడు మా బావలాగున్నాడు", "ఆ పంట్లాం సూడు, బురదలో దిగితే తెలుస్తాది" అనేవాళ్ళు. "మీకు స్వాగతం చెబుతున్నారు" అని నేను ఇంగ్లీషు చేసేదాన్ని. ఆయన జేబురుమాలు నోటికడ్డం పెట్టుకుని దగ్గేవాడు. ఒకనాడు గడ్డి కోస్తున్న ముసలమ్మ ఒకామె, "అమ్మీ, ఈ బాబుకి పెళ్ళాం ఉన్నాదేటో అడుగు" అంది. నాకు సిగ్గేసి, "మీ దేశంలో వానలెలా ఉంటాయని అడుగుతోంది" అన్నాను. ఆయన గంభీరంగా, "వైఫ్ ఉంది, ముగ్గురు పిల్లలు" అని ఇంగ్లీషులో జవాబిచ్చాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆఫీసరుగారికి ముసలమ్మ పెళ్ళామన్నదీ అందింది, ఆయన వైఫన్నదీ అందింది, మధ్యలో నేనన్నది అందలేదు. "భేష్! బాగా చెబుతున్నావమ్మా" అన్నారు.

కోర్సు చివరి రోజు సభకి హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వచ్చారు. నన్ను ఖాయం చేసే సంగతి ఆయన చేతిలోనే ఉంది. రైతులందరూ వచ్చారు. అంతా సజావుగా ముగుస్తోందనగా, ఆ ముసలమ్మే కర్ర ఊతం పట్టుకుని లేచింది. "అమ్మీ, మా అయ్య తమ్ముడొకడు నా సిన్నప్పుడు ఓడెక్కీసి సెరుకు కొట్టడానికి ఎలిపోనాడు. ఒక కబురు నేదు, కాకరకాయ నేదు. మమ్మల్ని మర్సిపోనాడేటో, ఈ బాబునడుగు."

నేను ఇంగ్లీషు కోసం నోరు తెరిచాను. రాలేదు. నా బి.ఎ. మొత్తంలో ఆ ప్రశ్నకి సరిపడే మాట ఒక్కటి దొరకలేదు. సభంతా నా నోటివైపే చూస్తోంది. చెరకు దొర కూడా ఒకసారి నన్ను చూసి, వేదిక దిగి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"మర్సిపోయి కాదప్పా" అన్నాడు, సొంత అక్కని పిలిచినట్టు, తెలుగులో, అందరికీ వినపడేట్టు. "జాబు రాయడం ఆళ్ళకి తెల్దు. రాయించడానికి డబ్బుల్నేవు. మా ముత్తాత కూడా అలాటోడే. సచ్చిందాకా ఈ పక్క ఊసే సెప్పీవోడంట."

ముసలమ్మ ఆయన గడ్డం పట్టుకుని, "ఓలమ్మో! మరిన్నాళ్ళూ మూగోడిలాగ ఉన్నావేటి బాబూ?" అంది.

అప్పుడు తిరిగాయి తలలన్నీ నా వైపు. నాకు నరసన్నపేట తలుపు కళ్ళముందు కనిపించింది. పెద్దాఫీసరు అడగబోయేలోపే చెరకు దొర వెనక్కి తిరిగి, ఇంగ్లీషులో, రవ్వంత తొణక్కుండా, "ఇదంతా ఈవిడ నేర్పిందే. ఈ రెండు నెలల్లో" అన్నాడు. నేను కాదనేలోపు మా ఆఫీసరుగారు లేచి, "సాయంత్రం క్లాసులండి. నేనే ఏర్పాటు చేశాను" అన్నారు! పెద్దాఫీసరు నన్ను పిలిచి మెచ్చుకుని, చివర్లో, "నేర్పితే నేర్పావు గానీ, కాస్త మర్యాదైన తెలుగు నేర్పలేకపోయావా?" అని చీవాట్లు పెట్టారు. ఆ మాటకి నాకొచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. అంత మర్యాదైన తెలుగు నేనింకెక్కడా వినలేదు.

ఉద్యోగం ఖాయమైంది. తర్వాతి ఏడు ఇద్దరు విదేశీయుల్ని పంపి, రెండు నెలల్లో తెలుగు నేర్పమన్నారు. వాళ్ళకి "చాలు", "వద్దు" తప్ప రాలేదు. నాకు శ్రద్ధ తగ్గిందని ఫైల్లో రాశారు. మావయ్య మాత్రం కొట్టుకొచ్చిన ప్రతివాడికీ నా ఘనత చెప్పి మరీ బియ్యం తూచేవాడు.

ఇంతకాలం ఎవరితోనైనా వాదించి నెగ్గుకొచ్చిన నేను, ఆ ఒక్క మనిషి పొగడ్తనే కాదనలేక నోరెళ్ళబెట్టి నిలబడ్డ ఆనాటి నన్ను తలచుకుని అప్పుడప్పుడూ నవ్వుకుంటాను. ఆయన వెళ్ళిపోయే రోజు స్టేషనులో రైలు కదులుతుంటే అడుగుదామనుకున్నాను, మా ఆఫీసరుగారు పక్కనే ఉండి అడగనివ్వలేదు. ఆ అబద్ధం చెరకు దొరకి అప్పటికప్పుడు తోచిందా, లేక ఎప్పటికైనా తను నోరు విప్పక తప్పదని తెలిసి, నాకోసం ముందే కట్టి ఉంచుకున్నాడా?