అండాలక్క అడిగిన దారి

నిన్న పొద్దున స్టూడియో షట్టర్ సగం ఎత్తానో లేదో, ఫోన్ మోగింది. అండాలక్క కొడుకు శ్రీను.

"మామా, అమ్మను ఎంత లేపినా లేస్తలేదు. జల్ది రా."

షట్టర్ అట్లాగే వదిలేసి ఉరికాను. నేను పోయేసరికే డాక్టర్ చూసి వెళ్లాడట. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

మొన్న సాయంత్రమే నా షాపు ముందు నిలబడి నన్ను తిట్టిపోసిన మనిషి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు మీద, మా ఊళ్లో టెంట్ హౌస్ నడిపిన అండాలమ్మ. నా సొంత అక్క కాదు. ఆమె టెంట్ వేసిన పెళ్లిళ్లకు నేను ఫోటోలు తీసేవాణ్ణి, అట్లా అక్క అయింది.

తొంభైల్లో భర్త పోయాక కొన్ని షామియానాలు, ఇనుప కుర్చీలతో మొదలుపెట్టి, దూలపల్లి, కుత్బుల్లాపూర్ దాకా సప్లై చేసింది. నోరు మస్తు పెద్దది. చావు ఇంటికి మాత్రం పిలవకముందే టెంట్ పంపేది.

నిన్న ఆమె ఇంటి ముందు టెంట్ వేరే వాళ్లది. ఆమె సామానంతా యాప్రాల్‌లో ఒక పెళ్లిలో ఉంది. పెళ్లి టెంట్ విప్పితే అమ్మ ఊరుకోదు అన్నాడు శ్రీను.

అక్క ఎమ్మెల్యేకు నిలబడిన సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు.

రెండు వేల సంవత్సరం తర్వాత మా దగ్గర ప్లాట్ల పిచ్చి మొదలైంది. ద్రాక్షతోటలు పోయి వెంచర్లు వచ్చాయి. ఒక వెంచర్ వాళ్లు మా శ్మశానం దారికి అడ్డంగా కాంపౌండ్ వాల్ కట్టేశారు. పాడె దించి, చెవి దగ్గర మూడుసార్లు పిలిచే దింపుడు కళ్ళం కూడా ఆ గోడ లోపలికే పోయింది.

ఆ గోడ దగ్గర మొదట ఆగింది ఒక పెద్దాయన పాడె. వెనక్కి తిప్పి, శ్మశానానికి చుట్టూ తిరిగి పోయే మెయిన్ రోడ్డు పక్కన లారీల మధ్య దించారు. ఆయన బిడ్డ "నాయినా" అని పిలిస్తే, హారన్లలో పక్కనున్న మాకే వినపడలేదు.

అక్క కొంగు నడుముకు చుట్టింది.

"సచ్చినోళ్ల తొవ్వకు గూడ గోడ కట్టిండ్రా! ఆగు, ఈళ్ల సంగతి జూస్త."

ఆఫీసుల చుట్టూ తిరిగింది. లీడర్లను కలిసింది. వాళ్ల మీటింగులకు టెంట్లు వేసేది ఆమెనే కాబట్టి అందరూ చాయ్ తాగించి పంపారు. ఇగ రోషం వచ్చి, ఆ తర్వాతి ఎన్నికల్లో అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేసింది.

పోస్టర్ ఫోటో నేనే తీశాను. నవ్వక్కా అంటే నా మీదికే లేచింది.

"పెండ్లి టెంటుకు నవ్వుత, సావు టెంటుకు నవ్వ. గిదేం టెంటురా శంకర్?"

క్యాన్వాసింగ్‌కు వెంట పోయాను. మొదటి గడపలోనే ఒక ముసలవ్వకు దండం పెట్టి, "అవ్వా, నేను గెలిస్తే శ్మశానం తొవ్వ ఇడిపిస్త. నిన్ను రోడ్డు మీద దించనియ్య" అంది.

అవ్వ చీపురు తీసింది.

"నీ నోట్ల మన్నువడ! ఓట్లకొచ్చి నా సావు మాట్లాడ్తవానే?"

నేను తల పట్టుకున్నాను. నల్లా నీళ్లని చెప్పు, పింఛన్లని చెప్పు, ఈ చావు ముచ్చట బంద్ చెయ్యి అని బతిమాలాను.

"నీళ్ల సంగతి అందరు జెప్తున్రు. గీ తొవ్వ సంగతి ఎవ్వడన్న జెప్తుండా? సావొచ్చిన్నాడు ఆళ్ల మొకాలు జూసేది నేను."

ప్రతి గడపలో అదే మాట. తలుపులు మూసుకున్నారు. ఆమె ఎదురొస్తే అపశకునం అన్నవాళ్లూ ఉన్నారు.

డిపాజిట్ పోయింది. సొంత ఊరి బూత్‌లో కూడా ఓడిపోయింది.

గెలిచినాయన విజయసభకు టెంట్ ఎవరిదనుకున్నారు? అక్కదే! "ఓటు ఎట్లాగూ పోయింది, కిరాయెందుకు పోగొట్టుకోవాలె" అంటూ గుంజలు దగ్గరుండి పాతించింది. పని అయ్యాక కుర్చీలో కూలబడి నన్ను అడిగింది.

"మనోళ్లకు సావంటే గింత భయమున్నదిగదా. గోడంటే ఎందుకు లేదురా?"

 

ఆ ముసలవ్వ పోయినప్పుడు అక్కే టెంట్ వేసింది. అవ్వను రోడ్డు పక్కనే దించారు. అక్క కళ్లు తుడుచుకుంది.

నిన్న అక్క వంతు.

రోడ్డు మీద దించేది లేదన్నాడు శ్రీను. నేరుగా వెంచర్ గేట్ దగ్గరికి తీసుకుపోయాం.

"కాలనీ సెక్రటరీ సార్ పర్మిషన్ లేదన్నా, కార్లు వస్తయి, జర పక్కకు జరగుండ్రి" అన్నాడు వాచ్‌మన్. వాణ్ణి ఏం అంటాం?

గేట్ ముందే పాడె దించాం.

శ్రీను రెండుసార్లు "అమ్మా" అని పిలిచాడు. మూడోసారి పిలవలేక నా వైపు చూశాడు. నేను వంగి, "అండాలక్కా!" అని అరిచాను. అక్క ముఖం చూడలేకపోయాను. గేట్ వైపే చూస్తూ అరిచాను.

గేట్ తెరుచుకోలేదు.

పాడె ఎత్తి వెనక్కి తిప్పాం. మళ్లీ అదే మెయిన్ రోడ్డు, అవే లారీలు.

పోయిరా అక్కా. పోయే చోట నీకు ఎవరూ అడ్డం గోడ కట్టకూడదు.

నీ ఆత్మకు శాంతి కలగాలి. మాకు మాత్రం, ఆ గోడ ఉన్నన్ని రోజులు కలగొద్దు.