పని చెప్పలేని యజమాని

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన రోజుల్లో మా వైపు ఆయిల్ ఇంజన్లు ఎక్కువయ్యాయి. బావుల మీద ఇంజన్లు, వేరుశనగ మిల్లుల్లో ఇంజన్లు. ఆగిపోతే బాగుచేసేవాళ్లు మాత్రం లేరు. ప్రొద్దుటూరులో ఒక మిల్లు ఆగిందంటే బళ్లారికో మద్రాసుకో మనిషిని పంపి ఫిట్టరును పిలిపించుకోవాలి. అతను వచ్చేదాకా కాయలు బస్తాల్లోనే, కూలీలు గోడ నీడల్లోనే. అందుకని బ్లాకు ఆఫీసువాళ్లూ మిల్లుల యజమానులూ కలిసి ఊరి చివర ఒక రేకుల షెడ్డులో శిక్షణ మొదలుపెట్టారు. ఆరు నెలలు పని నేర్పుతారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ ఒక మిల్లుకు పంపుతారు. యజమాని పని చెప్పి చేయించుకుని, నచ్చితే పెట్టుకుంటాడు.

నేను అందులో చేరాను. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున మా తాతగారి కాలంలో కనుచూపు మేర పొలం మాదే. కోర్టులు తిన్నది పోగా మిగిలింది మా నాయన తిన్నారు. నాకు మిగిలింది మా అమ్మ, కప్పులేని గుర్రపుశాల. మేనమామ అప్పటికే కబురు పంపాడు, ఆ వేసవి దాటాక బండి పంపుతానని, మేమిద్దరం కమలాపురం వచ్చి తన ఇంట్లోనే ఉండవచ్చని. మంచి మనసుతోనే పిలిచాడు. కానీ ఒకరి గడపలో కూర్చుని తినడమంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బండి వచ్చేలోగా నాకు పని దొరకాలి.

శిక్షణ ఇచ్చే మేస్త్రీ గుంతకల్లు రైల్వే షెడ్డులో తల నెరిసిన సాయిబు. పని నేర్పడంలో ఎంత ఓపికో, నోటికి అంత దురుసు. నేను ఇంజను దగ్గర వంగుతుంటే చూసి, "దొరా, మీవాళ్లు నిన్ను వీపులో గడ్డపార పెట్టి పెంచినారా ఏంది? వంగప్పా, ఇంజను నీకు సలాం కొట్టదు" అనేవాడు. షెడ్డంతా నవ్వేది. నేను నవ్వలేదు, వంగాను. నా మటుకు నేను చెప్పుకోకూడదు గానీ, వాల్వులు అరగదీసి కూర్చోబెట్టడంలో మా జట్టులో నా తర్వాతే ఎవరైనా.

పరీక్షకు నన్ను, సాయానికి మా జట్టులో ఒకణ్ని, మేస్త్రీ వెంట ఒక పెద్ద నూనె మిల్లుకు పంపారు. ఆ యజమాని ఎవరో లోపలికి అడుగుపెట్టేదాకా నాకు తెలియదు. ఆయన తండ్రి మా పొలం కౌలుకు చేసుకుని బతికినవాడు. ఆ ఇంటివాళ్లు మా ముందు కూర్చోరు. మాతో ఏదైనా పని పడితే మాకు చెప్పరు, గడప బయట నిలబడి మా జీతగాడితో చెబుతారు, అతను మాకు చెబుతాడు. అది వాళ్ల పద్ధతి. నన్ను చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. భుజం మీది జరీ కండువా చేతిలోకి వచ్చింది. నాకు కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. నేను కూర్చున్నాను. ఆ ఇంటివాళ్లు కుర్చీ వేస్తే కూర్చోవడం తప్ప మరొకటి నాకు తోచలేదు. అవతల మేస్త్రీ పళ్లు కొరుకుతున్నాడు. నాతో వచ్చినవాడు ఇంజను కింద దూరి మసి పూసుకుంటున్నాడు. యజమాని మా అమ్మ ఆరోగ్యం అడిగి, గేటు దాకా వచ్చి సాగనంపాడు. పని మాట ఎత్తలేదు.

మర్నాడు మేస్త్రీ, మిల్లు యజమాని అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. "పని వచ్చినోడే అంటివి, నమ్ముతా. కానీ ఆయప్పకు పని చెప్పేకి నాకు నోరు రాదు. నోరు రానోన్ని పెట్టుకోని మిల్లు ఎట్ల నడపాల?"

మేస్త్రీకి నా మీద కోపం ఉన్నా నన్ను వదల్లేదు. పులివెందులలో బావులకు ఇంజన్లు అద్దెకిచ్చే మనిషి ఒకడున్నాడని, అక్కడ నన్ను ఎరిగినవాళ్లు ఉండరు కాబట్టి పొమ్మని చెప్పాడు. వెళ్లాను. ముద్దనూరు దాటినప్పటి నుంచి బస్సులో లేస్తూ కూర్చుంటూనే ఉన్నాను. "కుదురుగా కూచో అప్పా, నువ్వు లేస్తే బస్సేమన్నా తొందరగా పోతాదా?" అన్నాడు కండక్టరు.

ఇంజన్ల మనిషి ఆకు నములుతూ యా ఊరు, ఎవరోళ్లు అని అడిగాడు. మా తాతగారి పేరు చెప్పాను. కాసేపు ఆలోచించి, ఆ పేరెప్పుడూ వినలేదన్నాడు. రేపటి నుంచి రమ్మని, ముందు ఆ ఇంజను కింద పేరుకున్న బురద ఎత్తమని కూడా అన్నాడు. బురద నాకు అడ్డం కాలేదు. మా తాతగారి పేరు వినని ఊళ్లో రాత్రి పడుకోవడం నా వల్ల కాదనిపించింది. అదే బస్సులో తిరిగి వచ్చాను.

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఒకచోట నిలవలేదు. పెన్న ఇసుకలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడిచాను. తెలిసిన చోట పని చెప్పరు, తెలియని చోట నేను ఉండలేను. బండి వచ్చే రోజు దగ్గర పడుతోంది. నడిచి నడిచి ఒక ఆలోచన వచ్చింది. ఆ మిల్లు యజమాని ఇంటివాళ్లు మా మాట ఎన్నడూ తీసేయలేదు.

పొద్దున్నే మిల్లుకు వెళ్లాను. ఆయన లేచాడు. నేను కూర్చోలేదు.

"మా ఇంటి మాట నువ్వెప్పుడన్నా కాదన్యావా?"

"లేదు సామీ."

"అయితే ఇనుకో. ఈ పొద్దునుంచి నీ ఇంజను కాడ పనికి నేనుంటా. నువ్వు నాకు పని చెప్పాల. ఇది నా మాట."

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మాట మీదే సామీ. నోరు నాది గదా."

బస్తాల వెనక కూలీలు కిసుక్కున నవ్వారు. ఆయన కాదనలేదు. కాదనడానికి కూడా నోరు రావాలి. నెలాఖరు దాకా చూద్దామని మేస్త్రీతో అన్నాడట.

పని మొదలైంది. ఆయన ఒక దారి కనిపెట్టాడు. గింజలు జల్లించే ముసలమ్మ ఒకామె ఇంజను గది పక్కనే కూర్చునేది. నాకు చెప్పాల్సింది ఆమెకు చెప్పేవాడు. "బెల్టు వదులైనట్టుండాది, ఆయప్పకు చెప్పు." నేను రెండడుగుల దూరంలోనే ఉండేవాణ్ని. ఆమె నావైపు తిరిగి, "బెల్టు వదులైందంట నాయనా, నీకు ఇనపడల్యా?" అనేది. కొన్నాళ్లకు ఆమెకు విసుగు పుట్టింది. "నీ నోటికి నాకు వేరే కూలీ ఇస్తావా?" అని ఆయన్నే అడిగింది. మిల్లంతా దాన్ని రోజూ చెప్పుకుని నవ్వింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ముసలమ్మ నోటితో మిల్లు నడవదని, ఈ నెలతో సరి అని మేస్త్రీ చేత కబురు చేశాడు. నేను ఇంజను తుడవడం ఆపలేదు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాను.

నెలాఖరుకు ఇంకా కొద్ది రోజులుండగా ఒక మధ్యాహ్నం ఇంజను గది గుమ్మంలో కూర్చుని ఫిల్టరు కిరసనాయిల్లో కడుగుతున్నాను. లోపల శబ్దం మారింది. ఇంజను వేగం పెరుగుతోంది, ఆగకుండా పెరుగుతోంది. బెల్టు గోడకు కొట్టుకోసాగింది. రేకులు అదిరాయి. నేను తల తిప్పేలోగా ఆయన పరుగున గుమ్మం దగ్గరికి వచ్చాడు. ముసలమ్మను వెతికే తీరిక ఆయనకు లేదు.

"రేయ్, ఏం చూస్తాండావురా, ఆయిలు కట్టెయ్!"

ఒక్క దూకుతో లోపలికి పోయి ఆయిలు వదిలే పిడి వెనక్కి లాగి పట్టుకున్నాను. ఇంజను గింజుకుని, గింజుకుని ఆగింది.

పొట్టు ధూళి నెమ్మదిగా దిగుతోంది. మా ఇంటివాళ్లను 'రా' అని పిలిచినవాడు ఆ చుట్టుపక్కల లేడు. నా చెవులు మండాయి. కాలి దగ్గర పానా కనిపిస్తోంది, దాన్ని ఎందుకు చూస్తున్నానో నాకే తెలియదు. కూలీలు నన్ను చూస్తున్నారు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. రెండు చేతులూ మెల్లగా పైకి లేస్తున్నాయి, నాకు దండం పెట్టడానికి. ఆ చేతులు కలిశాయంటే నా పని పోయినట్టే.

కలవనివ్వలేదు.

"వేగం పట్టే గవర్నరు స్ప్రింగు పోయినట్టుండాది. కొత్తది తెప్పించు" అన్నాను.

ఆయన చేతులు గాల్లోనే ఆగాయి. నావైపు, ఇంజనువైపు చూశాడు. చేతులు దించి, గొంతు సవరించుకుని అన్నాడు. "తెప్పిస్తా. నువ్వు ముందు ఆ మూత ఇప్పి చూడు."

మూత విప్పాను. స్ప్రింగు విరిగే ఉంది.

తర్వాత వారం కమలాపురం నుంచి బండి వచ్చింది. బండివాడికి మజ్జిగ ఇచ్చి, ఎద్దులకు నీళ్లు పెట్టించి, అమ్మ ఖాళీ బండినే వెనక్కి పంపింది. మిల్లులో నన్ను ఏమని పిలుస్తారని ఆమె ఒకసారి అడిగింది. పనికి పిలుస్తారని చెప్పాను.