ఈదుల చెలకకు గేటుపాస్

పటాన్‌చెరులో మా మందుల ఫ్యాక్టరీ డిస్పాచ్ ఆఫీసుకు ఇంటర్నెట్ వచ్చాక, పని మధ్యలో తప్పించుకునే దారి అందరికీ దొరికింది. ఒకరు క్రికెట్ స్కోరు చూసేవారు, ఒకరు చెల్లెలికి సంబంధాలు వెతికేవారు. నేను పుస్తకాల జాబితాలు చదువుకునేవాణ్ణి. నా పక్క కుర్చీలోని వెంకటేశం తన పొలం చూసుకునేవాడు.

ముత్తంగిలో వాళ్లకు మూడెకరాల మెట్టపొలం ఉండేది. ఊళ్లో దాన్ని ఈదుల చెలక అనేవారు. రింగు రోడ్డుకు పోయింది. కానీ కంప్యూటర్లో ఉపగ్రహం తీసిన బొమ్మ రెండేళ్ల పాతది. అందులో చెలక పచ్చగానే ఉంది, మూలన బావి నల్లటి చుక్కలా ఉంది. లారీకీ లారీకీ మధ్య ఖాళీ దొరికితే చాలు, దాన్ని తెరిచి దగ్గరికి లాగేవాడు. ఇంకా దగ్గరికి లాగితే బొమ్మ అలుక్కుపోయేది. మళ్లీ వెనక్కి జరిపేవాడు.

అతను సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ముత్తంగి దాటేటప్పుడు కిటికీ వైపు కూర్చునేవాడు కాదు. భూమి పోయాక అక్కడ ఒక్కసారీ దిగలేదు. ఎందుకని అడిగితే, "ఈడ ఉన్నది కదా, చాలు" అని తెర చూపించాడు. కొత్త బొమ్మ ఎప్పుడు పెడతారోనన్నదే అతని భయం. పొద్దున రాగానే ముందు అదే చూసుకునేవాడు.

ఒకరోజు ముత్తంగి గోడౌనుకు నలభై డ్రమ్ములు పోవాలి. కొత్తగా చేరిన బీహార్ డ్రైవరు వెంకటేశం ఇచ్చిన గేటుపాస్ తీసుకుని వెళ్లాడు. గంటన్నర తర్వాత ఫోను మోగితే వెంకటేశం ఎత్తాడు. డ్రైవరు హిందీలో రెండు ముక్కలు చెప్పి ఎవరికో అందించాడు.

"చిన్నపటేలా, నేను ఆగమ్మను. డ్రమ్ములు మన ఈదుల చెలకల దించుమని రాసినవట. గీడ మట్టి కుప్పలే ఉన్నయి. యాడ దించాలె?"

గేటుపాస్‌లో చేరవలసిన చోటు దగ్గర గోడౌను పేరుకు బదులు వెంకటేశం పరధ్యానంగా చెలక పేరు టైపు చేశాడు. ముత్తంగి టీ కొట్టు దగ్గర డ్రైవరు అడిగితే కుర్రవాళ్లెవరికీ ఆ పేరు తెలియలేదు. ఒకప్పుడు వాళ్ల పొలంలో కలుపు తీసిన ఆగమ్మకు తెలుసు. తోవ చెప్పడం రాక, తానే లారీ ఎక్కి కూర్చుని తీసుకుపోయింది.

వెంకటేశం గోడౌను సంగతి చెప్పలేదు.

"బాయి ఉన్నదా ఆగమ్మా?"

"పూడ్చిండ్రు పటేలా."

మేనేజరు కామరాజు అరగంట తిట్టాడు. రేపటి నుంచి పనికి సంబంధం లేనివన్నీ బంద్ అన్నాడు. వెంకటేశం ఆ బొమ్మకు ఒక్క ప్రింటు తీసుకుంటానన్నాడు. కామరాజు ఆ తెర వైపు చూశాడు. తన గదిలోని రంగుల ప్రింటరులో తానే కాగితం పెట్టాడు.

ఆ సాయంత్రం వెంకటేశం ముత్తంగిలో దిగాడు. తరువాత నాకు చెప్పాడు: రోడ్డు పని జరిగే చోటికి పోయే ధైర్యం చాలక, నేరుగా ఆగమ్మ ఇంటికి పోయాడట. గడప మీద కాగితం పరిచి, ఇదీ మన చెలక అన్నాడట. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్ల దగ్గర పెట్టుకుని, చివరికి అతని చేతికే ఇచ్చేసిందట.

"మీదికెల్లి సూస్తే నాకేం ఎరుకైతది పటేలా? నేను వంగి సూసిన భూమి."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏ సాలులో తుంగ ఎక్కువుండేది, బావి పక్కన నేల ఎప్పటిదాకా తడిగా ఉండేది, ఒక్కొక్కటీ అడుగుతూ కూర్చున్నాడట. ఆమె చెబుతూనే ఉందట. సంగారెడ్డి బస్సులు రెండు పోయాయి. అతను లేవలేదు.