వందన సమర్పణలో అమ్మ చెప్పిన మాట

మా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం అమ్మ అమలాపురం నుంచి బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది...

"ఏవైందే?" అని నాన్న కంగారుగా అడిగేరు.

"ఏసుబాబుని కొట్టేరండీ... మన ఊరి బస్టాండులో. అందరూ చూస్తుండగానే."

ఏసుబాబుది ఊరి చివర దళితుల పేట. మా ఊరి బళ్ళో అమ్మ దగ్గరే అక్షరాలు దిద్దుకుని, అప్పటికి కాలేజీలో డిగ్రీ చదువుతున్నాడు. టీకొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడుట. పంచాయతీ ప్రెసిడెంటుగారి అబ్బాయి వస్తే లేవలేదుట. అంతే... ఆ అబ్బాయీ, స్నేహితులూ కలిసి కులం పేరెత్తి తిట్టి, కింద పడేసి తన్నేరు. చెయ్యి విరిగింది. "ఆపండర్రా" అని అమ్మ ఎంత అరిచినా ఎవరూ వినలేదు.

సాయంత్రానికి పోలీసులొచ్చి అడిగితే, అమ్మ తప్ప ఊళ్ళో ఎవరూ ఏమీ చూళ్ళేదన్నారు.

ఆ వారమే బడి వార్షికోత్సవం. ఏటా వందన సమర్పణ అమ్మే చేసేది. ఆ పొద్దున్న జడ వేయించుకుంటూ విన్నాను... "ఇవాళ అందరి ముందూ చెప్పేస్తానండీ" అంది నాన్నతో. నాన్న చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేరు. తర్వాత "సరే... పిల్లని నేను చూసుకుంటాను" అన్నారు. నాకు ఆ మాటకే భయమేసింది.

వేదిక మీద ప్రెసిడెంటుగారు, ఊరి పెద్దలు. అమ్మ మైకు ముందుకొచ్చి అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పి... ఆగింది.

"ఈ బళ్ళో చదువుకున్న ఏసుబాబుని మన బస్టాండులో కులం పేరుతో తిట్టి, చెయ్యి విరగ్గొట్టేరండి. నేను చూసేనండి. అది తప్పండి. ఇవాళ ఊరుకుంటే, రేపు ఈ పిల్లలకి పాఠం చెప్పడానికి నాకు నోరు రాదండి."

ఎవరో మైకు ఆపేసేరు. అమ్మ గొంతు పెంచి, "ఇంకా చూసినవాళ్ళున్నారండి. ముందుకొచ్చి చెప్పండి" అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రెసిడెంటుగారు కండువా సర్దుకుని దిగి వెళ్ళిపోయేరు.

ఆ తర్వాత ఊరు మమ్మల్ని దూరం పెట్టింది... పాలు పోసే ఆవిడ రావడం మానేసింది. కొబ్బరి దింపే ఆయన మా చెట్లెక్కనన్నాడు. పెదనాన్నగారొచ్చి "ఆడపిల్లున్న ఇల్లు... నీకెందుకమ్మా ఇవన్నీ?" అని కేకలేసి వెళ్ళేరు. వీధిలో మోటార్ సైకిల్ చప్పుడైతే చాలు, అమ్మ నన్ను అరుగు మీంచి లోపలికి లాగేసేది. బడికెళ్ళేటప్పుడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునేదంటే, గాజులు ఒత్తుకుని ఎర్రగా కందిపోయేది.

ఒకరోజు పొద్దున్నే టీకొట్టు సూర్యావతమ్మగారు మా గుమ్మంలో నిలబడ్డారు.

"టీచరుగారండీ... నా కొట్టు ముందే జరిగిందండి. నేనూ చూసేనండి. పోలీసులకి చెప్తానండి."

"భయం లేదా అమ్మా?" అంది అమ్మ.

"ఆయ్... ఎందుకు లేదండీ? అయినా చెప్తానండి."

అమ్మ ఏడవడం నేను అప్పుడే చూసేను.

ఆవిడ తర్వాత ఇంకొందరు సాక్ష్యానికొచ్చేరు. కేసు ఏళ్ళ తరబడి నడిచి, చివరికి కొట్టినవాళ్ళకి శిక్ష పడింది... పెద్దదేం కాదు. ఏసుబాబు చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపలేకపోయేడు. డిగ్రీ మాత్రం పూర్తి చేసి రాజోలు వైపు ఉద్యోగంలో చేరేడు. ప్రెసిడెంటుగారు పోయేదాకా అమ్మతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఎక్కడ ఎవర్ని కొట్టినా క్షణంలో వీడియో వచ్చేస్తోంది. చూళ్ళేదనేవాళ్ళు లేరు... చూసి నవ్వే బొమ్మలు పెడుతున్నారు. మొన్న మా బంధువుల గ్రూపులో అలాంటి వీడియో కింద "ఇది తప్పు" అని రాసేను. అందరూ చదివేరు. ఇంకా ఎవరూ మాట్లాడలేదు...

మీ ఊళ్ళో అలా నలుగురిలో లేచి "తప్పు" అన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ గురించి ఇక్కడ రాయండి. నాకిప్పుడు అలాంటివాళ్ళ మాటలు వినాలనుంది...